గుండ్రటి గీతలు

మార్చి పందొమ్మిదో తేదీన మేం ముగ్గురం ఉడకబెట్టిన గుడ్లూ రొట్టే తిన్నాం, పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఎవరికీ లేకపోయింది, మా అమ్మాయి గుడ్డు పెంకు ఒలుస్తుంటే అరచేతిలో చర్మం లేచిన చోట ఉప్పు తగిలి స్స్ అంది, మా అత్తగారు గోడ గడియారం వైపు చూస్తూ "ఒలిచిపెట్టేవాళ్లే లేరా ఈ ఇంట్లో" అన్నారు, నేను దాని చేతిలోంచి గుడ్డు తీసుకుని ఒలిచిపెట్టాను. పడింది, అంతే. మలుపు దగ్గర ఎవరో ఇల్లు కట్టుకుంటూ రోడ్డు మీద పోసుకున్న ఇసుక, చక్రం జారింది, బండి ఎడమ పక్కకి ఒరిగింది, దాన్ని లేపి నడిపించుకుంటూ ఇంటికొచ్చింది, తల బాగుంది, ఎముకలు బాగున్నాయి, అరచెయ్యి ఒక్కటే దోక్కుపోయింది. అంతటితో పోయిందని ఆ పూట ఎవరికి చెప్పుకోవాలో తెలియక సీలింగు ఫ్యానుకి చెప్పుకుని పడుకున్నాను. ఇప్పుడు ఏప్రిల్ అయిపోవస్తోంది. వరండా మెట్టు మీద కూర్చుని, ఆ స్కూటరు ఎడమ పక్క ప్యానెల్ ఒళ్లో పెట్టుకుని, నీళ్లలో ముంచిన వాటర్ పేపర్‌తో, ఆ సన్నటి గరుకు కాగితంతో, రుద్దుతున్నాను, స్కూటరేమో ఆ ప్యానెల్ లేకుండానే, పక్కటెముకలు బయటపెట్టుకుని, మా అమ్మాయిని ఎక్కించుకుని ఊళ్లో ఎక్కడో తిరుగుతోంది.

గంటలో వచ్చేస్తానంది. గంట ఎప్పుడు మొదలైందో చూసుకోవడం మర్చిపోయాను, ప్యానెల్ ఊడదీసి స్క్రూలు గిన్నెలో వేస్తున్నవాణ్ణి, వెనక నుంచి వచ్చి "తాళం ఇవ్వు నాన్నా" అంది, తలెత్తి చూస్తే హెల్మెట్ పెట్టేసుకుని ఉంది, ఇంకేం మాట్లాడినా మనసు మార్చుకుంటుందేమోనని భయమేసి జేబులోంచి తాళం తీసి ఇచ్చాను, ప్యానెల్ లేదు కదమ్మా అనైనా అనలేదు. వీధి మలుపు తిరిగేదాకా చప్పుడు వినిపించింది. ఆ తర్వాత వినిపించిన ప్రతి బండీ అదే అనిపించింది, ఇది కాదు, ఇది మోటారు సైకిలు, ఇది నీళ్ల క్యాన్ల ఆటో, ఇది స్కూటరే కానీ గొంతు బొంగురు. ఫోను పక్కనే మెట్టు మీద బోర్లా పడుకుని ఉంది. చెయ్యకూడదు. బండి మీద ఉన్నప్పుడు ఫోన్ మోగితే జేబు తడుముకుంటారు, ఒక చెయ్యి హ్యాండిల్ వదులుతుంది, అందుకని బయటికెళ్లినప్పుడు నేను చెయ్యను అని నేనే దానికి మాటిచ్చాను, నా మాటే ఇప్పుడు నా చేతులు కట్టేసింది. ఎదురింటి దర్జీ మెడలో టేపు వేలాడేసుకుని బయటికొచ్చి ఓ క్షణం చూశాడు. "సార్, పళ్లేలు తోమే డ్యూటీ కూడా మీదేనా ఇక?" అన్నాడు. నవ్వాను. నవ్వుతూ రుద్దాను. వాడు అడిగింది ఎంత దగ్గరగా తగిలిందో వాడికి తెలియదు.

మా అమ్మాయిని దాని పేషెంట్లు దోమ అంటారు. రక్తపరీక్షల ల్యాబులో పని, తెల్లారకుండా లేచి, నీలంరంగు డబ్బా స్కూటరు ముందు పెట్టుకుని, మంచం దిగలేని ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి రక్తం తీసుకొస్తుంది, ఏమీ తినకుండా కాచుకుని ఉంటారు వాళ్లు, అది తలుపు తట్టగానే "దోమ వచ్చిందర్రా, చెయ్యి చాపండి" అంటారట, అది మురిసిపోతూ వచ్చి చెప్తే మా అత్తగారికి ఒళ్లు మండుతుంది, "లక్షణంగా ఉన్న పిల్లని పట్టుకుని దోమా ఈగా ఏంటి" అని. నేనూ అలాగే పిలుస్తాను, అత్తగారు లేనప్పుడు. పడిన మర్నాటి నుంచి దోమ ఎగరడం మానేసింది. బస్సులో ల్యాబుకి వెళ్లి కౌంటర్ దగ్గర కూర్చుని రసీదులు రాస్తోంది. ముసలివాళ్లు అడుగుతున్నారట, ఇంకో కుర్రాడు వస్తున్నాడు, వాడికి నరం దొరకదు, రెండు మూడుసార్లు గుచ్చుతున్నాడు, మా దోమ ఏది అని. ల్యాబాయన నాలుగు రోజుల క్రితం మర్యాదగానే చెప్పాడు, రౌండ్లకి వెళ్లకపోతే ఆ పని ఇంకొకళ్లకి ఇచ్చేస్తానమ్మా, మే నెల నుంచి, నువ్వు కౌంటర్ లోనే ఉండు అని. అది వచ్చి అన్నం కలుపుకుంటూ మామూలుగా చెప్పింది, అంత మామూలుగా చెప్పడమే నాకు నచ్చలేదు. ఇష్టమైన పని పోతోందన్న మాట కూర బాగుందన్నంత నెమ్మదిగా చెప్పేవాళ్లు అప్పటికే దాన్ని సగం వదిలేసి ఉంటారు. వాళ్లమ్మ అలా చెప్పేది, రిపోర్టు వచ్చిన రోజున కూడా "సాయంత్రం కూరగాయలు తెండి, ఆ, రిపోర్టు కూడా వచ్చింది" అంది.

అసలు పడటానికి అది భయపడలేదు. పడిన సాయంత్రం భయం లేదు దాని ముఖంలో, చిరాకు ఉంది, ఇసుక పోసినవాళ్లని తిట్టింది కూడా, రేపు పొద్దున్నే ఎవరింటికి వెళ్లాలో కాగితం మీద రాసుకుంది. తెల్లారి బయటికొచ్చి బండి చూసింది. ఎడమ పక్క మొత్తం, హ్యాండిల్ కిందనుంచి వెనక లైటు దాకా, నిగనిగలాడే నల్లటి ప్లాస్టిక్ అంతా బూడిదరంగు తిరిగిపోయి ఉంది, ఒక్క చోట కూడా మొహం కనిపించదు. చాలాసేపు నిలబడింది. "అంత దూరం ఈడ్చుకుపోయానా నాన్నా?" అంది. "నాకేం తెలియలేదే" అంది. అప్పుడు చూశాను భయాన్ని, అది పడిన దానికి కాదు, తను పడిందనుకున్న దానికంటే ఎన్నో రెట్లు పెద్దగా పడిందనీ, అదంతా తనకి గుర్తే లేదనీ, రోడ్డు తనని ఎంత దూరం లాక్కుపోయిందో తనకే తెలియదనీ. తాళం నా చేతిలో పెట్టి బస్సుకి వెళ్లింది. నేను ఏదో ఒకటి చెప్పాలని బండి పక్కన గొంతుక్కూర్చున్నాను, ప్యానెల్ చివర స్క్రూ కన్నంలో సన్నటి స్టీలు పోగొకటి చుట్టుకుని మెరుస్తోంది. గిన్నెలు తోమే పీచుది. వంటింట్లోకి వెళ్లి చూస్తే సింకు పక్కన కొత్త పీచు అప్పుడే నల్లబడి ఉంది, పక్కన సబ్బుపొడి డబ్బా మూత తీసి ఉంది, అత్తగారు ఏమీ ఎరగనట్టు పాలు కాస్తున్నారు, కాదు, ఏదో మంచి పని చేసి చెప్పకుండా దాచుకున్నవాళ్ల ముఖంతో పాలు కాస్తున్నారు. మనవరాలు లేచేసరికి ఆ రోడ్డు మట్టీ ఆ మరకలూ దాని కంట పడకూడదని, చీకటితో లేచి, మాడిన గిన్నె తోమినట్టు, మోకాళ్ల నొప్పులతో, కింద కూర్చుని, ఆ మూల నుంచి ఈ మూల దాకా తోమేశారు.

నేను చెప్పలేదు. ఎవరికి ఏమని చెప్పను? అమ్మాయికి చెప్తే అత్తగారికి తెలుస్తుంది, అత్తగారికి చెప్పాలంటే అసలు ఆవిడతో నేను మాట్లాడాలి. పెళ్లయిన నాటి నుంచి ఆవిడ నాతో నేరుగా మాట్లాడలేదు, కోపమేం కాదు, అలవాటు, అల్లుడితో ఎదురుపడి మాట్లాడటం ఆవిడకి బిడియం, ఏది చెప్పినా మధ్యలో ఒకళ్లు కావాలి. నా భార్య ఉన్నన్నాళ్లూ ఆ పని తనే చేసింది, "మీ ఆయన్ని అన్నానికి రమ్మను" అని ఆవిడ అంటే నేను నాలుగడుగుల దూరంలోనే ఉండేవాణ్ణి, నా భార్య నా వైపు తిరిగి కళ్లతో నవ్వి "అన్నానికి రమ్మంటున్నారు" అనేది, "వస్తున్నానని చెప్పు" అనేవాణ్ణి, "వస్తున్నారట" అనేది, ఇంత పొడుగు దారిలో మాట నడిచొచ్చేసరికి దాంట్లో ఏదన్నా ముల్లు ఉంటే అది తన దగ్గరే రాలిపోయేది. తను పోయాక ఆవిడ ఇక్కడే ఉండిపోయారు. వెళ్లిపోతానని ఆవిడ అనలేదు, ఉండమని నేను అనలేదు, తను పోయిన ఇంట్లో మిగిలిన తనవాళ్లం కాబట్టే ఒకరికొకరం అయిపోయాం. మనవరాలు ఇంట్లో ఉంటే మనవరాలి ద్వారా, లేకపోతే గడియారం ద్వారా, బియ్యం డబ్బా ద్వారా, ఒకసారి ఎదురింటి పిల్లి ద్వారా కూడా, "ఈ పిల్లికి చెప్తే అర్థమవుతుంది, కరెంటు బిల్లు ఆఖరు తేదీ రేపేనని." పిల్లి మూతి నాకేసుకుంటూ వెళ్లిపోయింది, నేను వెళ్లి బిల్లు కట్టొచ్చాను.

స్పేర్ పార్టుల షాపాయన "కొత్త ప్యానెల్ వేసెయ్యండి సార్, ఈ మసాజ్ లెందుకు" అన్నాడు. వద్దన్నాను. కొత్తది వేస్తే ఏం తెలుస్తుంది దానికి, పాతది బాగుచెయ్యడానికి పనికిరానంతగా చితికిందనేగా. నాకు కావలసింది కొత్తది కాదు, ఆ పందొమ్మిదో తేదీ సాయంత్రం బండి ఇంటికొచ్చినప్పుడు ఎలా ఉందో అలా కావాలి, రోడ్డు గీసినవి మాత్రం ఉండి, మిగతాదంతా మెరవాలి. వీడియోలు చూసి నేర్చుకున్నాను. పీచు గీతలు పైపైన ఉంటాయి, గీత లోతంత మేర చుట్టూ ఉన్నదాన్ని అరగదీస్తే గీత మాయమవుతుంది, లోతైనవి ఉండిపోతాయి. గరుకు తక్కువున్న కాగితం, నీళ్లు, రెండు చుక్కల సబ్బు, ముందు అడ్డంగా, తర్వాత ఇంకా సన్నటి కాగితంతో నిలువుగా, ముందటి దారి చెరిగేదాకా. నల్లటి పాలలాంటిది కారుతోంది మోకాళ్ల మీదకి, ఇది పెయింటు కాదు, లోపలంతా నలుపే, అరిగినా నలుపే, ఆ మాత్రం దయ ఉంది ఈ ప్లాస్టిక్‌లో. వీడియోలో చెప్పనిది ఒకటుంది, మధ్యలో ఒక దశ వస్తుంది, బూడిదరంగు పోయి తెల్లటి మంచు కమ్మినట్టు అయిపోతుంది రుద్దిన మేరంతా, మొదలుపెట్టినప్పటికంటే ఘోరంగా, ఇక్కడ చెయ్యి ఆగిపోతుంది, పాడుచేశాను, పూర్తిగా పాడుచేశాను అనిపిస్తుంది, ఇప్పుడు సరిగ్గా అక్కడున్నాను, అది ఇప్పుడే వస్తే ఈ తెల్లటి మొహం చూస్తుంది, రాకూడదు ఇప్పుడే, ఛీ, ఏం మాటది, రావాలి, ఇప్పుడే రావాలి, ఎలా ఉన్నా రావాలి.

చినుకు పడింది. మెట్టు మీద ఒకటి, ఫోను వీపు మీద ఒకటి. ఫోను తీసి చొక్కాకి తుడిచి లోపలికి జరిపాను. తడి రోడ్డు మీద ఇసుక ఏం చేస్తుంది, అతుక్కుని గట్టిపడుతుందా, ఇంకా జారుతుందా, నీటి సరఫరా ఆఫీసులో ఇన్నేళ్లు కూర్చుని నీళ్ల గురించి ఇంత చిన్న సంగతి తెలియదు నాకు, కుళాయి రావట్లేదని ఫోన్ చేసినవాళ్లకి వస్తుందండీ సాయంత్రానికి వస్తుంది అని చెప్పడం మాత్రం వచ్చు, ఎంతమందికి చెప్పానో, అవతల ఖాళీ బిందె పక్కన కూర్చున్నవాళ్లకి ఆ మాట ఎలా వినిపించేదో ఈ మెట్టు మీద కూర్చుంటే తెలుస్తోంది. వెనక నుంచి చెప్పుల చప్పుడు. అత్తగారు టీ తెచ్చి, నాకు కాస్త దూరంగా గట్టు మీద పెట్టి, గేటు వైపు చూశారు. "ఫోన్ చెయ్యొచ్చు కదా అని ఎవరికైనా తడితే బాగుణ్ణు" అన్నారు గేటుతో. "బండి మీద ఉన్నప్పుడు చెయ్యకూడదు" అన్నాను వాటర్ పేపర్‌తో. "అమ్మేస్తే పోతుంది పీడా, నెల నుంచి చెప్తున్నా ఈ గోడలకి." సందెవెలుగు ఏటవాలుగా వచ్చి ఒళ్లో ప్యానెల్ మీద పడింది, నేనింకా రుద్దని సగం మీద, అక్కడ గీతలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి, సాలెగూళ్లలాగ, ఒకదాని పక్కన ఒకటి, చిన్న చిన్న గుండ్రాలు. ఆవిడ వెళ్లిపోతున్నవారల్లా ఆగారు. వంగి చూశారు. నేను చెయ్యి అడ్డం పెట్టబోయాను, తడిచెయ్యి, ఆలస్యమైంది.

"రోడ్డు మీద పడితే గీతలు గుండ్రంగా పడతాయా?" అన్నారు. గోడతోనే అన్నారు.

"పడతాయేమో" అన్నాను.

"పడవు."

ఎన్నేళ్లు తోమి ఉంటారు ఆవిడ గిన్నెలు, తన చేతి తిప్పుడు తనకి తెలియదా, మా ఇంట్లో ప్రతి గిన్నె అడుగునా ఉన్నాయి ఆ గుండ్రాలే, ఎడమచేతి వాటం, అందరి గుండ్రాలూ ఒకవైపు తిరిగితే ఆవిడవి రెండోవైపు. చినుకులు ఆగాయి, దర్జీ మిషను టకటకలాడుతోంది, నేను కాగితం నీళ్లలో ముంచి పిండుతున్నాను, పిండిందే పిండుతున్నాను. అప్పుడు గోడా కాదు, గేటూ కాదు, నా నెత్తి మీదికే సూటిగా వచ్చింది మాట. "ఎందుకు చెప్పలేదు నాయనా?"

ఇన్నేళ్లలో ఆ గొంతు నన్ను నేరుగా తాకింది అదే మొదలు, దాన్ని పట్టుకోవడానికి మధ్యలో ఎవరూ లేరు, ముల్లుంటే రాలిపోయే దారి లేదు, కానీ ముల్లు లేదు అందులో, అలసట ఉంది. తల తిప్పి చూడలేదు నేను, చూస్తే ఆవిడ సిగ్గుపడతారని. "మట్టి పోవాలని కదండీ తోమారు" అన్నాను, "మట్టి పోయింది." ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తుందని చూశాను, లేదు, కుళాయి చప్పుడు లేదు, ఏమీ లేదు. వెళ్లాలా? వెళ్లి ఏమనాలి? నా భార్య ఉంటే ఇప్పుడు లోపలికీ బయటికీ రెండుసార్లు తిరిగి, మా ఇద్దరం అననివి కూడా అన్నట్టు చెప్పి, అంతా సర్దేసేది, తను తెచ్చిన మాటల్లో సగం తనే కట్టుకున్నవని నాకు ఎప్పుడో తెలుసు. మిగిలిన సగం కూడా రుద్ది, సీసా మూత తీసి పాలిష్ గుడ్డ మీద వేసుకున్నాను. గుండ్రంగా రుద్దాలట ఇది, తప్పదు, పీచు ఎలా తిరిగిందో అలాగే తిరగాలి గుడ్డ కూడా. తిప్పుతున్నాను. చీకటి పడుతోంది, వీధి దీపం ఒకటి మిణుకుమని వెలిగింది, మంచు విడుతోంది, ముందు మూల దగ్గర, తర్వాత మధ్యలో, అడుగునుంచి నలుపు తేలి వస్తోంది, దాంట్లో వీధి దీపం, దాంట్లో నా గడ్డం, గేటు చువ్వలు. రోడ్డు గీసినవి బయటపడ్డాయి. వెనక అంచు కింద, నాలుగు గీతలు, సూటిగా, ఒకే వైపు, జానెడు ఉంటాయేమో. ఇంతే. ఇంతే పడింది నా పిల్ల. సంతోషించాల్సిందే, కానీ రోడ్డు మీద బండ్లన్నీ వెళ్లిపోతున్నాయి, ఏదీ ఆగట్లేదు, ఇది చూపించడానికి ఎదురుగా మనిషి లేదు, జానెడు గీతల్ని పట్టుకుని నేను కూర్చున్నాను, ఇవాళ పడితే ఎంత పొడుగు పడిందో, అమ్మేస్తే పోతుంది పీడా అని ఆవిడ అన్నది నా లోపల కూడా ఎవరో అంటున్నారు, వినిపిస్తోంది, ఇన్నాళ్లూ వినిపించుకోలేదు. పెద్దమనిషిలా తాళం తీసి ఇచ్చింది ఎవరు? ఎగరమన్నది ఎవరు? ఫోను అందుకున్నాను. పెట్టేశాను. మళ్లీ అందుకున్నాను.

బండి ఆగింది. మోటారు సైకిలనుకున్నాను, ప్యానెల్ లేక గొంతు మారిపోయింది దానికి. హెల్మెట్ తీయకుండానే గేటు తోసుకుని వచ్చింది. "ఆ మంచంలో ఉండే మాస్టారి రిపోర్టు ఇచ్చొచ్చా నాన్నా, టీ తాగితే గానీ కదలనివ్వలేదు, ఇంకా ఆయన చెల్లెలు కూడా నాతోనే రక్తం తీయించుకుంటుందట, లైను కట్టేలా ఉన్నారు." ఊపిరి తీసుకోకుండా చెప్పింది. ఆ మలుపు దగ్గర, ఇసుక ఇంకా అలాగే ఉందట, ముందు దిగి నడిపించిందట, అవతలికి వెళ్లాక సిగ్గేసి, వెనక్కి తిరిగొచ్చి, ఎక్కి మళ్లీ దాటిందట. నేను వింటూనే ఉన్నాను, మోకాళ్లు చూస్తున్నాను, మోచేతులు చూస్తున్నాను. అప్పుడు దాని కళ్లు ప్యానెల్ మీద పడ్డాయి. గొంతుక్కూర్చుంది. గీతల మీద వేలు పెట్టి ఆ చివర నుంచి ఈ చివరకి జరిపింది, ఎంతోసేపు పట్టలేదు.

"ఇంతేనా?" అంది. "మరి అప్పుడు ఇదంతా..."

నేను పాలిష్ సీసా మూత వెతికి బిగించాను.

"అదంతా నేనే" అన్నారు అత్తగారు గుమ్మంలోంచి. "పీచుతో తోమా. గిన్నె అనుకున్నా."

అది హెల్మెట్ లోంచి ఆవిడ వైపు, నా వైపు, మళ్లీ ఆవిడ వైపు చూసింది. "అమ్మమ్మా! నెల్లాళ్లు నన్ను బస్సుల్లో తిప్పావా నువ్వు!"

"తిప్పితే తిప్పాను. బస్సులో ఎవరూ పడరు." అని లోపలికి తిరగబోయి ఆగారు. "నువ్వు లేచేసరికి కనపడకూడదనుకున్నానే" అన్నారు. అది లేచి వెళ్లి, హెల్మెట్ తోనే ఆవిడ భుజం మీద తల వాల్చబోయింది, హెల్మెట్ ఆవిడ చెంపకి ఠంగుమని తగిలింది, "అబ్బ, చంపేశావే దోమా" అన్నారు, అని నాలిక కరుచుకున్నారు, ఇద్దరూ నవ్వారు, ఒకళ్ల తర్వాత ఒకళ్లు, నవ్వో ఏడుపో ఈ చీకట్లో నాకు సరిగ్గా కనిపించలేదు. ప్యానెల్ మళ్లీ పెట్టి స్క్రూలు బిగిస్తూ మా అమ్మాయి అంది, రేపు పొద్దున్నే ల్యాబాయనకి ఫోన్ చేసి రౌండ్లు తనకే ఉంచమని చెప్తుందట. మంచిది అన్నాను. మంచిదే. ఇదే కావాలనుకున్నాను, నెల్లాళ్లుగా ఇదే, అయినా ఆ మాట విన్నాక ఒళ్లు తేలికపడలేదు, రేపటి నుంచి రోజూ తెల్లారగట్ట ఈ వీధిలో బండ్ల గొంతులు నేను వెతుక్కోవాలి, ఇది కాదు, ఇది కాదు అని, ఏ కాగితంతో రుద్దితే పోతుంది ఇది.

అన్నం తిని అది ముందే పడుకుంది, పెందలాడే లేవాలని. నేను చేతుల నలుపు వదలక సబ్బు పెట్టి కడుగుతూనే ఉన్నాను. అత్తగారు దాని గది దగ్గర ఆగి లోపలికి చూశారు. "నిద్రపోయింది" అన్నారు, నా వైపు తిరిగే అన్నారు, మళ్లీ బిడియమేసిందేమో చూపు గుమ్మానికి తిప్పుకున్నారు. ఆ తలుపు కింద నేల మీద రాసుకుంటుంది, చప్పుడు చేస్తుంది. ఆవిడ రెండు చేతులతో గడియ పట్టుకుని, తలుపుని కాస్త పైకెత్తి, ఊపిరి బిగబట్టి, మెల్లగా దగ్గరకి వేశారు.